ఒక్క రోజు, ఆరేళ్ళు

‘ఆలస్యం అమృతం విషం’ అన్నదీ మన పెద్దవాళ్ళే, ‘నిదానమే ప్రధానం’ అన్నదీ వాళ్ళే. ఏది ఎప్పుడు వాడుకోవాలో మాత్రం చెప్పకుండా పోయారు. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పని మొదలెట్టేటప్పుడు మొదటిది, బగ్గులు బయటపడ్డాక క్లయింటుకి సర్దిచెప్పేటప్పుడు రెండోది వాడుతుంటారు (ఇది చదివే మేనేజర్లు ఎవరైనా ఉంటే, మిమ్మల్ని కాదు లెండి). ఈ రెండు సామెతల తగువు తీర్చడానికి నాకు సంగీతం రికార్డుల చరిత్రలో రెండు మంచి కేసులు దొరికాయి. అమెరికన్ సంగీతం అనగానే ఆమడ దూరం పారిపోయేవాళ్ళు కూడా కాస్త ఓపిక పట్టండి. పాటలు వినకపోయినా కథ అర్థమవుతుంది.

మొదటి కేసు జిమ్మీ స్మిత్. జాజ్‌లో ఆర్గన్ అనగానే ముందు చెప్పుకునే పేరు. ఆయన ఆల్బమ్‌లలో బాగా పేరున్నవి ‘బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్’, ‘మిడ్‌నైట్ స్పెషల్’. ఈ రెండూ 1960 ఏప్రిల్ 25న, న్యూజెర్సీలో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ అనే ఊళ్ళో, ఒకే స్టూడియోలో రికార్డయ్యాయి. అవును, ఒకే రోజున. రెండు ఆల్బమ్‌లు.

రెండో కేసు లుసిండా విలియమ్స్. ఆల్ట్-కంట్రీ అనే బాపతులో, అంటే నాష్‌విల్ కంపెనీల తళుకుబెళుకులు వద్దనుకుని పాత కంట్రీ పాటనీ రాక్ సంగీతాన్నీ తమకి నచ్చినట్టు కలుపుకున్నవాళ్ళలో, పాటలు రాసి పాడే మనిషి. ఆవిడ ‘కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్’ 1998 జూన్ 30న విడుదలయింది. దాని ముందు ఆల్బమ్ వచ్చింది 1992లో. మధ్యలో ఆరేళ్ళు. ఒకసారి రికార్డు చేసినదాన్ని పక్కన పెట్టి మళ్ళీ మొదట్నించి చేశారు. ముగ్గురు ప్రొడ్యూసర్ల చేతులు మారింది. ఆల్బమ్‌లో ఉన్నవి పదమూడు పాటలు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్తే వినేవాళ్ళు వెంటనే ఒక తీర్పు ఇచ్చేస్తారు. “అతను మేధావి, ఆవిడకి చాదస్తం.” కొంచెం మర్యాద ఉన్నవాళ్ళయితే “జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుపోవడమే కదా, అందుకని త్వరగా అయిపోతుంది” అంటారు. రెండూ తప్పే అని నా వాదన. ఇద్దరికీ పట్టింది చాలా కాలమే. ఒకరి లెక్క స్టూడియో పుస్తకంలో కనిపిస్తుంది, ఇంకొకరిది కనిపించదు. అంతే తేడా. ఆ కనిపించని లెక్క ఎవరు కట్టారు అన్నదే నాకు ముఖ్యమనిపించే ప్రశ్న.

ముందు ఆర్గన్ సంగతి చెప్పాలి. లారెన్స్ హామండ్ షికాగోలో ఇంజనీరు. ఆయన కంపెనీ మొదట కరెంటు గడియారాలు చేసేది. గడియారం ముల్లు ఎప్పుడూ ఒకే వేగంతో తిరగాలి కాబట్టి దానికి సింక్రనస్ మోటారు వాడేవారు. అలాంటి మోటారుకే అంచున పళ్ళున్న ఉక్కు చక్రాలు తగిలించి, వాటిని అయస్కాంతాల ముందు తిప్పితే తీగచుట్టల్లో సన్నని కరెంటు పుడుతుంది. ఒక్కో చక్రానిది ఒక్కో స్థాయి. 91 చక్రాలు. ఆ కరెంటుని యాంప్లిఫయర్‌కి ఇస్తే స్వరం. 1934లో పేటెంటు వచ్చింది, 1935లో అమ్మకానికి పెట్టారు. గొట్టాల ఆర్గన్ కొనే స్తోమతు లేని చర్చిలు కొనుక్కుంటాయని ఆశ. చర్చిలు కొనుక్కున్నాయి కూడా.

జాజ్ వాళ్ళు మోజుపడ్డ మోడల్ బి-3. 1954 నుంచి 1974 దాకా తయారైంది. బల్ల, పెడల్స్ కలిపి 180 కిలోల పైమాటే. పైన రెండు వరసల మెట్లు, వరసకి 61. కింద కాళ్ళకి 25 పెడల్స్. మెట్టు నొక్కిన క్షణంలో లోపల కాంటాక్టులు తగిలి ‘టిక్’మని చిన్న చప్పుడు వస్తుంది. హామండ్ కంపెనీ వాళ్ళకి అది లోపం. జాజ్ వాయించేవాళ్ళకి ఆ చప్పుడే కావాలి, లయ పుట్టేది అక్కడే కాబట్టి. (బగ్గు కాదు, ఫీచర్ అనే మాట మేము కనిపెట్టలేదన్నమాట.)

పియానో వచ్చినవాడికి ఆర్గన్ ఇట్టే వచ్చేస్తుందనుకుంటాం. రాదు. పియానో మెట్టు కొడితే మోగి, మెల్లగా చల్లారిపోతుంది. గట్టిగా కొడితే గట్టిగా, మెత్తగా కొడితే మెత్తగా పలుకుతుంది. ఆర్గన్ అలా కాదు. మన నాటకాల్లో హార్మోనియం చూసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. మెట్టు మీద వేలు ఉన్నంతసేపూ స్వరం ఉంటుంది, వేలు తీయగానే పోతుంది. ఎంత గట్టిగా నొక్కావన్నదానితో పనిలేదు. హార్మోనియంలో ఆ పని తిత్తి చూసుకుంటే, హామండ్‌లో కుడి కాలి కింద ఉన్న పెడల్ చూసుకుంటుంది. ఎడమ కాలికి బేస్ పెడల్స్. అంటే రెండు చేతులకి, రెండు కాళ్ళకి నాలుగు వేరువేరు పనులు. ఎప్పుడు నొక్కాలన్నదానితో సమానంగా ఎప్పుడు వదలాలన్నదీ నేర్చుకోవాలి. పియానో వాద్యం చేతుల్లో బాగా పాతుకుపోయినవాడికి ఇది మరీ కష్టం, ముందు పాత అలవాటు వదిలించుకోవాలి కదా.

జిమ్మీ స్మిత్ అలా పియానో నుంచి వచ్చినవాడే. ఫిలడెల్ఫియా పక్కన నోరిస్‌టౌన్‌లో పుట్టాడు. నేవీలో చేసి వచ్చాక సంగీతం బళ్ళో చదివాడు, ఊళ్ళో ఒక బ్యాండులో పియానో వాయించాడు. వైల్డ్ బిల్ డేవిస్ అనే ఆయన హామండ్ వాయిస్తుంటే విని దానిమీద మనసు పారేసుకున్నాడు. అప్పుచేసి ఒక ఆర్గన్ తెచ్చుకున్నాడు. అంత బరువున్న సామాను ఇంట్లో ఎక్కడ పెడతాడు? ఒక గోడౌన్‌లో చోటు అద్దెకి తీసుకుని అక్కడ దింపాడు. పెడల్స్ బొమ్మ పెద్దది గీసి ఎదురుగా గోడకి తగిలించుకున్నాడు, కాళ్ళకేసి చూడకుండా వాయించడం అలవాటు కావాలని. సుమారు ఏడాదిపాటు ఒక్కడే సాధన చేశాడు. బేస్‌ని ఎక్కువగా ఎడమ చేత్తో నడుపుతూ, ఎడమ కాలితో పెడల్ మీద దానికి ఒక దెబ్బ జోడించడం, కుడి చేత్తో సాక్సఫోన్ వాద్యగాళ్ళలాగా ఒక్కొక్క స్వరం తీగలా సాగదీయడం. ఈ పద్ధతి ఆ గోడౌన్‌లో తయారైంది. 1955లో బయటికొచ్చాడు.

1956 మొదట్లో న్యూయార్క్ హార్లెమ్‌లో ‘స్మాల్స్ ప్యారడైజ్’ క్లబ్బులో వాయిస్తుంటే బ్లూ నోట్ కంపెనీ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ విన్నాడు. ఫిబ్రవరి 18కల్లా మొదటి ఆల్బమ్ రికార్డు చేసేశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 11, 12, 13 తారీకుల్లో, మూడు రోజుల్లో, నాలుగైదు ఆల్బమ్‌లకి సరిపడా సరుకు రికార్డయింది. 1958 ఫిబ్రవరి 25న ‘ద సెర్మన్’ రికార్డు చేశారు. ఎల్పీలో ఒక పక్క మొత్తం నిండేలా ఇరవై నిమిషాల బ్లూస్. ఎడిటింగు లేదు, అతుకులు లేవు.

కాబట్టి 1960 ఏప్రిల్ 25 నాటికి ఆ గదిలోకి వచ్చింది ఏమిటో చూడండి. జిమ్మీ స్మిత్ వెనకాల గోడౌన్ సాధన ఉంది, ఆ తర్వాత ఐదేళ్ళపాటు క్లబ్బుల్లో రాత్రుళ్ళు ఉన్నాయి. డ్రమ్స్ మీద డోనల్డ్ బెయిలీ, ఆయన 1956 నుంచి స్మిత్ పక్కనే ఉన్నవాడు. ఎప్పుడు ఊపిరి తీసుకుంటాడో కూడా తెలిసిన మనిషి. గిటార్ కెనీ బరెల్, సాక్సఫోన్ స్టాన్లీ టరెంటైన్. బేస్ వాయించేవాడు లేడు, స్మిత్ చేతులూ కాళ్ళే బేస్. వాయించినవాటిలో బ్లూస్ ఉన్నాయి, పాత సినిమా, నాటకాల పాటలున్నాయి, కౌంట్ బేసీ 1937లో పాపులర్ చేసిన ‘వన్ ఓ’క్లాక్ జంప్’ ఉంది. బ్లూస్ అంటే పన్నెండు బార్ల చట్రం, అందరికీ కంఠతా వచ్చినదే. మా భాషలో చెప్పాలంటే స్టాండర్డ్ లైబ్రరీ. దాన్ని ఎవరూ ఆ పూట కూర్చుని రాయనక్కర్లేదు. ముందు తరాల వాళ్ళు రాసి, సరిచూసి పెట్టారు.

రికార్డు చేసినవాడు రూడీ వాన్ గెల్డర్. ఈయన కళ్ళు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు. హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంట్లో ముందుగదిలోనే మైకులు పెట్టి 1950ల జాజ్‌లో పెద్దపెద్ద రికార్డులు చేశాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాక అద్దాల పని మానేశాడు. ఆర్గన్‌ని రికార్డు చేయడం ఎంత తలనొప్పో ఆ రోజుల్లో వాళ్ళకే తెలియాలి. లెస్లీ స్పీకర్ గిరగిరా తిరుగుతుంటుంది, బేస్ గదంతా కమ్మేస్తుంది. తిన్నగా రెండు ట్రాకుల టేపు మీదకే పట్టేవాడు. ఎవరిది ఎంత వినపడాలో వాళ్ళు వాయిస్తుండగానే తేల్చేయాలి. తర్వాత సరిదిద్దుకుందాం అనడానికి లేదు. ఆయన కూడా ఆ రోజు పాఠం నేర్చుకోవడానికి రాలేదు. అప్పటికి నాలుగేళ్ళుగా జిమ్మీ స్మిత్‌ని రికార్డు చేస్తున్నాడు.

ఇక ఆల్ఫ్రెడ్ లయన్. జర్మనీ నుంచి వలస వచ్చిన యూదుడు, 1939లో బ్లూ నోట్ పెట్టాడు. ఆయన చేసిన గొప్ప పని ఒకటుంది. రికార్డింగుకి ముందు రిహార్సల్‌కి కూడా డబ్బులిచ్చేవాడు. వింటే చిన్న విషయమే. కానీ పోటీ కంపెనీ ప్రెస్టీజ్‌లో ఆ అలవాటు లేదు. ఆ కంపెనీకీ మంచి ఆర్గన్ రికార్డులున్నాయి. షర్లీ స్కాట్ ఆర్గన్ మీద, ఎడ్డీ ‘లాక్‌జా’ డేవిస్ సాక్సఫోన్ మీద 1958 జూన్ 20న చేసిన ‘కుక్‌బుక్’ వినండి, ఎక్కడా తడబాటు లేదు. రిహార్సల్ లేకుండా ఎలా కుదిరింది? వాళ్ళు కలిసి క్లబ్బుల్లో వాయిస్తూ తిరిగే బ్యాండు కాబట్టి. రిహార్సల్ జరిగింది, డబ్బు క్లబ్బు కట్టింది. క్లబ్బు యజమానికి కూడా లాభమే. ఆర్గన్ ఉంటే బేస్ వాయించేవాడి జీతం మిగులు, ముగ్గురితో గది మార్మోగిపోతుంది. ఫిలడెల్ఫియా, న్యూవర్క్, హార్లెమ్‌లలో నల్లవాళ్ళ పేటల్లో ఉన్న అలాంటి బార్లు అన్నీ కలిసి ఒక పెద్ద శిక్షణాలయం నడిపాయన్నమాట, పేరు పెట్టకుండా.

ఇంకో సంగతి. ఆ ఒక్క రోజు సరుకు కూడా ఒక్క రోజులో జనంలోకి రాలేదు. ‘మిడ్‌నైట్ స్పెషల్’ 1961లో వచ్చింది, ‘చికెన్ షాక్’ 1963లో. రికార్డు చేసినవన్నీ లయన్ వదిలేవాడు కూడా కాదు. 1958 ఏప్రిల్‌లో స్మాల్స్ ప్యారడైజ్‌లో పట్టిన స్మిత్ కచేరీ టేపులు ‘కూల్ బ్లూస్’ పేరుతో 1980లో గానీ బయటికి రాలేదు. త్వరగా రికార్డు చేయడం వేరు, త్వరగా వదలడం వేరు. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళంటే నాకు మా ఆఫీసు గుర్తొస్తుంది.

సరే, కంట్రీ వైపు వద్దాం. ‘జాజ్ వాళ్ళకి ఒక్క రోజు చాలు, పాటలు రాసేవాళ్ళకి ఏళ్ళు కావాలి’ అని సూత్రం కట్టేద్దామంటే కుదరదు. ఆల్ట్-కంట్రీ అనే పేరు రాకముందే కెనడా బ్యాండు ‘కౌబాయ్ జంకీస్’ 1987 నవంబర్ 27న టొరంటోలో హోలీ ట్రినిటీ చర్చిలో ఒకే ఒక్క మైకు చుట్టూ కూర్చుని ‘ద ట్రినిటీ సెషన్’ దాదాపు అంతా ఒక్క రోజులో రికార్డు చేసింది. అంకుల్ టుపెలో అనే ఇల్లినాయ్ కుర్రాళ్ళు 1990లో ‘నో డిప్రెషన్’ ఆల్బమ్‌తో ఈ బాపతుకి ఊపు తెచ్చారు. ఆ పేరుతోనే 1995లో సియాటిల్ నుంచి ఒక పత్రిక మొదలైంది. వాళ్ళ మూడో ఆల్బమ్ పేరే ‘మార్చ్ 16–20, 1992’. జార్జియాలో ఏథెన్స్ అనే ఊళ్ళో దాన్ని రికార్డు చేసిన ఐదు రోజుల తారీకులే పేరు. అందులో సగం దాకా పాత పాటలు. మళ్ళీ అదే స్టాండర్డ్ లైబ్రరీ. ఎవరో వందేళ్ళు పాడి పాడి అరగదీసి నున్నగా చేసిన పాటలు చేతికందితే ఐదు రోజులు చాలు.

లుసిండా విలియమ్స్ కూడా మొదట అలాగే చేసింది. 1979లో వచ్చిన ఆవిడ మొదటి ఆల్బమ్ ‘ర్యాంబ్లిన్’ పాత బ్లూస్, కంట్రీ పాటలతో చేసినదే. ఆవిడ గిటార్, తోడుగా ఇంకొకరి గిటార్, అంతే. అంటే ఆవిడకి త్వరగా చేయడం రాక కాదు. మరి ఆ తర్వాత ఏమైంది?

కంపెనీలు ఏమయ్యాయో చూడండి ముందు. 1988లో ఆవిడ పేరుతోనే వచ్చిన ఆల్బమ్ వేసిన రఫ్ ట్రేడ్ అమెరికా శాఖ 1991లో మూతపడింది. 1992లో ‘స్వీట్ ఓల్డ్ వరల్డ్’ వేసిన కమీలియన్ కంపెనీ మరుసటి ఏడాదే మూతపడింది. మధ్యలో ఇంకో పెద్ద కంపెనీ చేతిలో పడి, వాళ్ళు మార్చిన ధ్వని నచ్చక బయటికొచ్చేసింది. ‘కార్ వీల్స్’ మొదలైంది అమెరికన్ రికార్డింగ్స్ అనే కంపెనీలో. పూర్తయ్యాక కూడా ఆ కంపెనీ పంపిణీ గొడవల్లో ఇరుక్కుని చివరికి మెర్క్యురీ చేతికొచ్చి విడుదలయింది. ఈ కాలమంతా కలిపి ‘ఆవిడ ఆరేళ్ళు తీసుకుంది’ అని ఆవిడ ఖాతాలో రాసేశారు! సర్వర్లు పడిపోయిన రోజులన్నీ కోడ్ రాసేవాడి ఆలస్యం కింద రాసినట్టుంది.

ఇక మిగిలినది నిజంగా ఆవిడ తీసుకున్న టైమే. 1995లో ఆస్టిన్‌లో గర్ఫ్ మోర్లిక్స్ ప్రొడ్యూసర్‌గా రికార్డింగు మొదలైంది. ఆయన పదేళ్ళకి పైగా ఆవిడ బ్యాండులో గిటార్ వాయిస్తూ, 1988, 1992 ఆల్బమ్‌లు చేసిన మనిషి. ఆల్బమ్ చాలావరకు అయింది. అప్పుడే స్టీవ్ ఎర్ల్ తన ఆల్బమ్‌లో (1996లో వచ్చిన ‘ఐ ఫీల్ ఆల్‌రైట్’) ఒక పాటలో గొంతు కలపమని పిలిచాడు. అక్కడ తన గొంతు వినపడిన తీరు ఆవిడకి నచ్చింది. ఇంటికొచ్చి తన రికార్డింగు వింటే నచ్చలేదు. స్టీవ్ ఎర్ల్, రే కెనడీలతో నాష్‌విల్‌లో మళ్ళీ మొదలెట్టింది. మోర్లిక్స్ వెళ్ళిపోయాడు. బ్యాండుతో పాటు స్నేహం కూడా తెగింది. ఎర్ల్‌తోనూ గొడవలయ్యాయి, అతనికి వేరే పనులున్నాయి. చివరికి లాస్ ఏంజెలెస్‌లో రాయ్ బిట్టన్ (బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండులో పియానో వాయించే ఆయన) పూర్తి చేయించాడు. ఆల్బమ్‌లో అకార్డియన్‌తో పాటు హామండ్ ఆర్గన్ వాయించింది కూడా బిట్టనే. జిమ్మీ స్మిత్ గోడౌన్‌లో కుస్తీపట్టిన వాద్యం ఇక్కడ వెనకాల మెత్తగా పరుచుకుని ఉంటుంది, వెతికితే గానీ దొరకదు.

అంతసేపు దేనికి? నాకు అర్థమైనంతలో, స్మిత్ విషయంలో గదిలోకి రాకముందే తేలిపోయిన సంగతి లుసిండాకి గదిలోనే తేలాల్సి వచ్చింది. తన గొంతు ఎలా ఉండాలి? ఎంత దగ్గరగా వినపడాలి? ఆ గొంతు చుట్టూ ఎన్ని వాద్యాలుండాలి? దక్షిణాది కంట్రీ, బ్లూస్, రాక్ మూడూ కలిసిన ఆ పాటకి అంతకు ముందు తయారుగా ఉన్న చట్రం లేదు. కంట్రీ కంపెనీలు ఇది రాక్ అన్నాయి, రాక్ కంపెనీలు ఇది కంట్రీ అన్నాయి. ఆవిడ గోడౌన్ స్టూడియోనే, గంటకింత చొప్పున మీటరు తిరుగుతూ, అందరూ చూస్తుండగా. సాధన చేసేవాడు తప్పు స్వరం వాయిస్తే గోడౌన్‌లో ఎవరికీ తెలీదు. స్టూడియోలో అదే పని చేస్తే పత్రికల్లో వస్తుంది. వచ్చింది కూడా. 1997లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో వచ్చిన పెద్ద వ్యాసంతో ‘పర్‌ఫెక్షనిస్టు’ అన్న ముద్ర గట్టిగా పడిపోయింది.

ఆ ముద్ర మీద ఆవిడకి చాలా కోపం, తర్వాత చాలాసార్లు చెప్పింది. ఇదే పని మగవాళ్ళు చేస్తే కళాతపస్సు అంటారు, ఆడది చేస్తే పిచ్చి అంటారు అని. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. స్ప్రింగ్‌స్టీన్ ‘బోర్న్ టు రన్’ అనే ఒక్క పాట మీదే నెలల తరబడి కూర్చున్నాడు. ఆ కథని ఇప్పటికీ భక్తిగా చెప్పుకుంటారు.

టైటిల్ పాట సంగతి ఒకటి చెప్తాను. కారు వెనక సీట్లో కూర్చుని ఊళ్ళు మారుతున్న ఒక చిన్నపిల్ల చూసే దృశ్యాలు ఆ పాట. లుసిండా తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి, కాలేజీ ప్రొఫెసరు. 1997లో క్లింటన్ రెండోసారి ప్రమాణస్వీకారం చేసినప్పుడు కవిత చదివింది ఆయనే. ఉద్యోగాల కోసం దక్షిణాదిలో ఊరూరూ తిరిగారు. కూతురు ఆ పాట పాడగా విన్నాక ఆయన దగ్గరికొచ్చి, నన్ను క్షమించు అన్నాడట. ఎందుకని అడిగితే, ఆ వెనక సీట్లో ఉన్న పిల్లవి నువ్వే కదా అన్నాడట. అప్పటిదాకా తన గురించే రాసుకున్నానని ఆవిడకే తట్టలేదట. నలభై ఏళ్ళ కిందటి విషయం ఒక పాటలోకి రావడానికి పట్టిన టైముని ఏ స్టూడియో బిల్లులో రాస్తారు?

ఫలితం అందరికీ తెలిసిందే. 1998 ఆల్బమ్‌లలో విలేజ్ వాయిస్ విమర్శకుల ఓటింగులో మొదటి స్థానం, 1999లో కాంటెంపరరీ ఫోక్ విభాగంలో గ్రామీ, ఆవిడకి మొదటి గోల్డ్ రికార్డు. అప్పటికి ఆవిడ వయసు నలభై ఐదు దాటింది. తర్వాతి ఆల్బమ్ ‘ఎసెన్స్’ 2001లోనే వచ్చేసింది, దాని తర్వాతది 2003లో. ఇది గమనించాలి. ఒకసారి తన ధ్వని ఏమిటో తేలాక ఆవిడ కూడా మామూలు వేగంతోనే పనిచేసింది. చాదస్తమే అయితే తర్వాతవి కూడా ఆరేసేళ్ళు పట్టాలి కదా!

నేను పనిచేసిన ఒక చోట ఒకావిడ ఉండేవారు. ఎవరూ ఇంతకుముందు చేయని మాడ్యూల్ ఒకటి ఆవిడకి ఇచ్చారు. పక్క టీములో వాళ్ళు తాము అదివరకే రెండుసార్లు చేసిన పనిని మూడోసారి చేస్తున్నారు. ఆర్నెల్ల తర్వాత ఇద్దరి పనినీ ఒకే చార్టులో పెట్టి చూపించారు. వాళ్ళకి ‘ఫాస్ట్’ అని, ఆవిడకి ‘ఓవర్ ఇంజనీరింగ్’ అని అప్రైజల్‌లో రాశారు. ఆవిడ ఏమీ అనలేదు, ఆ ఏడాదే మానేశారు. తర్వాత నేను అక్కడున్న మూడేళ్ళలో ఆ మాడ్యూల్ మీద ఫిర్యాదు రాలేదు. ఆ చార్టులో తప్పు లెక్క ఒక్కటీ లేదు. లెక్క ఎక్కడ మొదలెట్టారు అన్నదే తప్పు.

ఆలస్యానికి వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. గర్ఫ్ మోర్లిక్స్ వైపు నుంచి చూస్తే ఇదే కథ ఇంకోలా ఉంటుంది. చేసిన పని చెత్తబుట్టలో పడింది, పదేళ్ళ స్నేహితురాలు పోయింది. ఆ ఖరీదు ఆయన కట్టాడు, గ్రామీ వచ్చిందని అది తీరిపోదు. ఒక్క రోజు పద్ధతికీ ఖరీదు ఉంది. జాగ్రత్తగా వింటే స్మిత్ రికార్డుల్లో కొన్ని ఒకదానిలాగే ఒకటి ఉంటాయి. మూడు రోజుల్లో నాలుగైదు ఆల్బమ్‌లంటే మరి అంతే.

నా మాట ఇది. ఎవరైనా ఒక పని ఒక్క రోజులో చేశారంటే, ఆ ముందు రోజుల ఖర్చు ఎవరు పెట్టుకున్నారో అడగాలి. స్మిత్‌కి గోడౌన్ ఖర్చు తన జేబు నుంచి, సాధన ఖర్చు బార్ల నుంచి, రిహార్సల్ ఖర్చు లయన్ నుంచి వచ్చింది. ఆ బార్లు తర్వాత ఒక్కొక్కటే మూతపడ్డాయి. బ్లూ నోట్‌ని లయన్ 1960ల మధ్యలో లిబర్టీ కంపెనీకి అమ్మేశాడు. హామండ్ బి-3 తయారీ 1974లో ఆగిపోయింది. జిమ్మీ స్మిత్ 2005 ఫిబ్రవరి 8న, వాన్ గెల్డర్ 2016లో పోయారు. లుసిండా విలియమ్స్‌కి 2020 నవంబరులో పక్షవాతం వచ్చి గిటార్ వాయించడం పోయినా, 2023లో కొత్త ఆల్బమ్ తెచ్చింది. ఈ కాలంలో స్టూడియో లాప్‌టాప్‌లోకి వచ్చేసింది, రికార్డింగు దాదాపు ఉచితం. కానీ గోడౌన్‌లో గడిపే ఏడాది మాత్రం ఉచితం కాలేదు. అద్దె, తిండి అప్పటికంటే ఇప్పుడే ప్రియం. రికార్డింగు చవకైంది కాబట్టి సంగీతం త్వరగా రావాలి అని ఆశించడం, కంప్యూటర్లు వేగంగా ఉన్నాయి కాబట్టి ప్రోగ్రాములు త్వరగా రావాలి అనడం లాంటిదే.

వినాలనుకునేవాళ్ళకి ఒక చిన్న సలహా. ముందు ‘చికెన్ షాక్’ టైటిల్ ట్రాకు పెట్టి, పైన జరిగే హడావుడి వదిలేసి, కింద నడిచే బేస్ మీద మాత్రమే చెవి పెట్టండి. అది వేరే మనిషి వాయిస్తున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ‘కార్ వీల్స్’ పెట్టి, లుసిండా గొంతు ఎంత దగ్గరగా ఉందో వినండి, మీ పక్కన కూర్చుని చెప్తున్నట్టు. అది ఒక టేక్‌లో వచ్చినట్టే అనిపిస్తుంది. విన్నాక ఏది త్వరగా చేసిందో, ఏది ఆలస్యంగా చేసిందో చెవితో చెప్పగలరేమో చూడండి. నా వల్ల కాలేదు.